బయట కూర్చోని పిల్ల

కాళ్ళు కడుక్కోమని తల్లి అంబుజమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సుజాతమ్మ తీసుకోలేదు.

పుట్టింటి గడప ముందు నిలబడి, చేతిలో సంచి కూడా కింద పెట్టకుండా, "నా బిడ్డ యాడ?" అని అడిగింది.

చింతామణి పక్క పల్లెలో మొదటి బస్సెక్కి, శిడ్లఘట్టలో దిగి, అక్కణ్ణించి ఆటో పట్టుకుని వచ్చింది మనిషి. దారి పొడుగునా తల్లిని అనాల్సిన మాటలన్నీ కూడబలుక్కుంటూ వచ్చింది. కానీ ముందు కూతుర్ని కళ్ళారా చూడాలి. నిన్న సాయంత్రం రక్షిత కళ్ళు తిరిగి పడిపోయిందనీ, మెడికల్ షాపులో కొన్న పుల్లతో చూస్తే మళ్ళీ కడుపని తేలిందనీ ఫోన్ చేసి చెప్పింది అంబుజమ్మే. ఆవు చూడి కట్టిందని చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

రక్షితకు పదిహేడేళ్ళు. మొదటి బిడ్డ మేఘకు తొమ్మిదో నెల నడుస్తోంది. ఆ బిడ్డను కడుపు కోసి తీశారు.

"లోపల ఉండాది లే. ముందు కూర్చో" అంది అంబుజమ్మ.

"లోపల యాడ?"

అంబుజమ్మ చెంబు అరుగు మీద పెట్టేసి కొంగు సర్దుకుంది. ఆమె చెప్పకపోయినా ఇంటి వెనక రేకుల షెడ్డులోంచి మల్బరీ కొమ్మలు పరుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సుజాతమ్మ సంచితో సహా అటు నడిచింది.

షెడ్డులో రక్షిత నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని, పట్టుపురుగుల అరల మీద ఆకు వేస్తోంది. నుదుటి మీద నిన్న పడినప్పుడు తగిలిన బొప్పి నల్లగా కమిలి ఉంది. తల్లిని చూసి నవ్వబోయి, ఏమనుకుందో ఆగిపోయింది. ఇంకా రెండు అరలే ఉన్నాయి, వేసేసి వస్తానంది.

సుజాతమ్మ కూతురి గడ్డం పట్టుకుని, కంటి కింద రెప్ప కిందికి లాగి చూసింది. లోపల రక్తపు చుక్క ఉన్నట్టు లేదు, సున్నం కొట్టినట్టుంది.

అవతలి అరల దగ్గర తండ్రి శ్రీరామయ్య వంగి ఆకు సర్దుతున్నాడు. కూతురు వచ్చినందుకు పలకరించాడు. తర్వాత, "ఆకు వాడిపోతాండాది సుజాతా, ఈ ఒక్క మేపు అయిపోనీ" అన్నాడు.

ఆయన మంచివాడని ఊళ్ళో పేరు. ఎవరి జోలికీ పోడు. కళ్ళ ముందు పడిపోయిన మనవరాలి జోలికి కూడా పోలేదు.

సుజాతమ్మ కూతురి చేతిలో కొమ్మలు లాగి కింద పడేసి, రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

తిట్టాలంటే ఎవరిని తిట్టాలి? అదే సుజాతమ్మకు వచ్చిన చిక్కు. కూతుర్ని పరాయి ఇంటికి ఇచ్చి ఉంటే అత్తను దులిపేసేది, అల్లుణ్ణి నిలదీసేది, నలుగురినీ పిలిచి పంచాయితీ పెట్టించేది. ఇచ్చింది సొంత తమ్ముడు మోహన్‌కుమార్‌కి. రక్షితకు అత్త అంటే అమ్మమ్మే, మామగారంటే తాతే. ఈ ఇంట్లో ఎవరిని ఏమన్నా తన నెత్తిన తను మన్ను పోసుకున్నట్టే.

ఆ పెళ్ళి కూడా ఎందుకు చేశారంటే, పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు బస్సులో ఎవడో కుర్రాడు దాన్ని చూసి నవ్వాడని. నవ్వింది వాడు. చదువు ఆగింది దీనిది. పిల్ల చెయ్యి దాటిపోతుందని భయం పెట్టింది అంబుజమ్మ, భయపడింది సుజాతమ్మ. మేనమామ ఉండగా ఇంకెవరి దగ్గరికో పోవడమెందుకని బంధువులంతా మెచ్చుకున్నారు. మెచ్చుకుని, భోజనాలు చేసి, ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

అరుగు మీద చాప వేసి కూతుర్ని కూర్చోబెట్టింది సుజాతమ్మ. మేఘ పాకుతూ వచ్చి తల్లి ఒళ్ళోకి ఎక్కింది. రక్షిత బిడ్డను రెండు చేతులతో ఎత్తుకోబోయి, బరువు ఆగక మళ్ళీ ఒళ్ళోకి దించేసింది. అది చూశాక సుజాతమ్మ ఇక ఆగలేకపోయింది.

ఐదు నెలలు నా దగ్గర ఉండాల్సిన బాలింతను మూడో నెలకే ఎందుకు పిలిపించావని తల్లిని అడిగింది. పంట మొదలైంది, చేతులు లేవని బతిమాలితేనే కదా పంపాను, పని చేయించుకోవడానికి పంపానా, ఇట్లా చేయడానికి పంపానా అంది. అంబుజమ్మ కూడా తక్కువ తినలేదు. పంపింది నువ్వు, బలవంతంగా ఎత్తుకుని రాలేదు, మొగుడూ పెళ్ళాలను విడివిడిగా కట్టేసి కూర్చోవడం నా పనా అంది. పైగా తప్పంతా ప్రకృతిది అన్నట్టు, "పాలు తాగే బిడ్డ ఉండాది. మళ్ళా నిలుస్తాదని ఎవురనుకుంటారు?" అంది.

"ఇది తిరిగి వచ్చినాక ఎప్పుడన్నా బయట కూర్చునిందా?"

అంబుజమ్మ షెడ్డు వైపు చూసింది.

ఇది అడగకూడని ప్రశ్న కాదు, అందరికీ జవాబు తెలిసిన ప్రశ్న. ఈ ఇంట్లో నెలసరి వచ్చిన ఆడమనిషి మూడు రోజులు పురుగుల షెడ్డు గడప తొక్కదు. తొక్కితే పురుగులకు రోగం తగులుతుందని నమ్మకం. కాబట్టి ఎవరు ఎప్పుడు బయట కూర్చున్నారో ఇంట్లో మగవాళ్ళకు కూడా తెలిసిపోతుంది. ఆకు కోసేవాళ్ళకు తెలుస్తుంది, పక్కింటివాళ్ళకూ తెలుస్తుంది. దాపరికం లేదు.

"ఉగాదికి ముందు ఒకసారి కూర్చునింది" అని షెడ్డు గుమ్మంలోంచి శ్రీరామయ్య చెప్పాడు. "ఆ మూడు పొద్దులూ నేనే ఆకు వేసినాను."

ఆయన పడిన కష్టం ఆయనకు గుర్తుంది.

ఉగాది తర్వాత నెలకొకటి చొప్పున రెండు పంటలు చేతికొచ్చాయి, ఇది మూడోది. ఈ మూడు పంటల్లోనూ రక్షిత ఒక్క రోజు షెడ్డుకు దూరంగా కూర్చోలేదు. అది చూసి ఈ ఇంట్లోవాళ్ళు ఏమనుకోవాలి? పాలిచ్చే తల్లి కాబట్టి ఆగిపోయింది అనుకుందామంటే, ఉగాదికి ముందు మొదలవనే మొదలైంది కదా. మొదలై ఆగిపోయిందంటే అర్థమేమిటో ముగ్గుర్ని కన్న అంబుజమ్మకు ఒకరు చెప్పాలా? ఆమె అనుకున్నది వేరు. నా మనవరాలి చెయ్యి మంచిది, ఒక్క పూట కూడా పంటకు దూరం కాలేదని ఊరంతా చెప్పుకుంది. పనికి అడ్డం రాని ఆడపిల్ల దొరికింది కదా అని మురిసిపోయింది. మురిసిపోతూ మూడు నెలలు దాని చేత మోపులు మోయించింది.

"ముట్టు వస్తే దూరం పెట్టేదానికి లెక్కలు తెలుస్తాయి మీకు. రాకుంటే ఎందుకు రాలేదని అడిగేదానికి ఒక్కరికీ తెలియలేదా?" అంది సుజాతమ్మ. ఆ మాట తల్లిని చూసి కాదు, ఇల్లంతటినీ చూసి అంది.

"నాకు తెలుసు" అంది రక్షిత.

అందరూ అటు తిరిగారు. ఇంతసేపూ అది అక్కడ ఉన్న సంగతే మర్చిపోయినట్టున్నారు.

"నాకు తెలిసిండాది. పోయిన పంటలోనే తెలిసె. మామకు చెప్పినాను."

మేఘ తల్లి గాజులు పట్టుకుని లాగుతోంది. రక్షిత దాని చెయ్యి విడిపించుకోలేదు. మామ ఏమన్నాడని సుజాతమ్మ అడిగింది.

ఆ సమయానికే మోహన్‌కుమార్ బైకు వెనక ఆకు మోపు కట్టుకుని వచ్చాడు. అక్కను చూసి బైకు ఆపి, మోపు దించకుండా అలాగే నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. మెడ వంచుకుని నిలబడితే ఇంకా చిన్నవాడిలా కనిపిస్తాడు. ఆ చిన్నతనం అన్నిటికీ ఉండదు.

"నీ పెండ్లాము నీకు చెప్పినాక ఏమి చేస్తివి?" అని అడిగింది సుజాతమ్మ.

వాడు తల్లి వైపు చూశాడు.

"పట్టు గూళ్ళు మార్కెట్టుకు పోయినాక చెప్దామంటి అక్కా. ముందే చెప్తే అమ్మ దీన్ని పండుకోమంటాది. అప్పుడు పని ఎవురు చేస్తారు?"

ఇంత నిజం ఇంత మెల్లగా చెప్పేశాడు. అబద్ధం చెప్పి ఉన్నా బాగుండేది.

పురుగులు ఆకు మానేసి కదలకుండా పడుకుంటాయి, పొర విడిచి లేచేదాకా. దాన్ని ఈ వైపు జ్వరం అంటారు. పంట మొత్తంలో నాలుగుసార్లు వస్తుంది. ఆ జ్వరాలప్పుడు ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడరు, తలుపు విసురుగా వెయ్యరు, గాలి ఎక్కువైతే గోనెపట్టాలు కడతారు.

"పురుగుకు జ్వరమొస్తే కాళ్ళ చప్పుడు కాకుండా తిరుగుతారు గదరా. నా బిడ్డ పడిపోతాంటే గూళ్ళు పోయిందాకా ఆగల్లనా?"

మోహన్‌కుమార్ మోపు తాడు విప్పడం మొదలుపెట్టాడు. అది చూసి సుజాతమ్మ లేచి వెళ్ళి వాడి చెంప మీద కొట్టింది. ఒక్కటే దెబ్బ. వాడు చెంప తడుముకోలేదు కూడా. విప్పుతున్న తాడు వదిలేసి నిలబడ్డాడు.

అంబుజమ్మకు రావలసిన కోపం అప్పుడొచ్చింది. మగపిల్లవాణ్ణి వాకిట్లో నిలబెట్టి కొడతావా, వాడు తాగుతాడా తిరుగుతాడా, పెళ్ళాన్ని ఒక మాటన్నాడా అని మొదలుపెట్టింది. మేఘ పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు వచ్చి, పిల్ల చిన్నది, కొన్నేళ్ళు కాన్పు లేకుండా కాపర్-టీ వేస్తామంటే వద్దన్నది ఈ అంబుజమ్మే. పచ్చి ఒంట్లో ఇనుము పెట్టనియ్యనంది. ఆ పక్కనే పసిగుడ్డును ఎత్తుకుని నిలబడి నోరు మెదపనిది సుజాతమ్మ. ఇద్దరికీ ఆ రోజు గుర్తుంది. ఇద్దరూ దాని ఊసెత్తలేదు. దానికి బదులు అంబుజమ్మ వేరే మాట ఎత్తింది.

"లోకంలో లేనిదా ఇది? నేను కనలేదా? నువ్వు కనలేదా? నీకు గూడా రక్షిత పుట్టి ఏడాది తిరగలే, మళ్ళా..."

అంతవరకు వచ్చి ఆగింది. ఆగకపోతే ఎక్కడికి పోతుందో ఆమెకే తట్టింది.

"చెప్పమ్మా" అంది సుజాతమ్మ. "మళ్ళా ఏమాయె?"

తల్లి తల తిప్పుకుంటే తనే చెప్పింది.

"పిల్లోడు పుట్టె. ఏడ్వలే. నాకు పదిహేడు అప్పుడు. చేట్లో పెట్టి గుడ్డ కప్పి నాయన ఎత్తుకపోయె. యాడ పెట్టినారో ఈ పొద్దుకు గూడా నాకు ఒకరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

షెడ్డు గుమ్మంలో ఉన్న శ్రీరామయ్య లోపలికి వెళ్ళిపోయాడు.

రక్షిత తల్లిని వింతగా చూస్తోంది. తనకు ఒక తమ్ముడు పుట్టాడని ఆ పిల్లకు ఇప్పుడే తెలిసింది. ఈ ఇళ్ళలో ఆడవాళ్ళకు ఏం జరిగిందో ఆడపిల్లలకు చెప్పరు. చెప్తే భయపడతారట. చెప్పకపోతే భయపడకుండా అదే గుంటలో కాలు పెడతారు, అది నయమన్నమాట.

"నాకు వద్దు" అంది రక్షిత.

ఏమిటి వద్దని అంబుజమ్మ అడిగింది.

"ఈ కాన్పు. నాకు వద్దవ్వా. మళ్ళా కొయ్యించుకునేదానికి నాకు చేతకాదు. ఆ కుట్ల దగ్గర ఇంకా నొప్పి వస్తానే ఉండాది, మోపు ఎత్తితే."

దానికి అంబుజమ్మ ఏమందో వినాలి. పిచ్చిదానా, ఈసారి మగపిల్లవాడే, నేను చెప్తున్నాను కదా, వాడు పుట్టాక ఆపరేషన్ చేయించేస్తాం, పద్దెనిమిదికల్లా నీ కష్టాలన్నీ తీరిపోతాయి అంది. ప్రేమగానే అంది. జుట్టు నిమిరి మరీ అంది. పద్దెనిమిదేళ్ళకు కష్టాలు తీరిపోవడమంటే ఏమిటో ఆ ప్రేమకు తెలియదు.

సుజాతమ్మ ఫోన్ తీసి మొగుడు గోపాలప్పకు చేసింది. ఆయన చింతామణి మార్కెట్లో టమాటా బుట్టల మధ్య ఉన్నాడు. వెనక వేలంపాట అరుపుల్లో సగం వినిపించింది, సగం వినిపించలేదు. వినిపించినంత మేరకు ఆయన చెప్పిందేమిటంటే, ఆస్పత్రికి తీసుకుపోండి గానీ వయసు మాత్రం జాగ్రత్త, పోయిన ఏడాది పక్క ఊరివాళ్ళు ఇలాగే పోతే డాక్టరు పోలీసులకు చెప్పాడు, ఆ పిల్ల మొగుడు ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఇంటి సంగతి ఇంట్లోనే ఉండనీ. కూతురికి ఎలా ఉందని అడిగాడా అంటే, అడిగాడు, చివర్లో.

దాంతో అరుగు మీద ఒప్పందం కుదిరింది. ఈ ఇంట్లో ఒప్పందాలు భలే తొందరగా కుదురుతాయి. చింతామణిలో తెలిసినవాళ్ళెవరూ లేని ప్రైవేటు ఆస్పత్రికి పోవాలి. వయసు ఇరవై అని చెప్పాలి. మేఘ కాన్పుకు కూడా వేరే ఊళ్ళో అలాగే చెప్పారు, ఎవరూ అడగలేదు. రక్తం ఎక్కించమంటే ఎక్కించాలి, సూదులు వేయించాలి. కడుపు సంగతి డాక్టరు ఏదంటే అది. సుజాతమ్మ కూడా తలూపింది. నిజం చెప్తే జైలుకు పోయేది తమ్ముడు. కొట్టడం వేరు, జైలుకు పంపడం వేరు.

రక్షితను ఎవరూ అడగలేదు. అది వద్దని చెప్పేసింది కదా, ఇంకా అడిగేదేముంది అన్నట్టు దాన్ని చీర మార్చుకోమన్నారు.

మొగుడు బైకు మీద, మిగతావాళ్ళు బస్సులో చింతామణి చేరి, ఆస్పత్రిలో వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ నడివయసు మనిషి. రక్షితను పక్క గదిలోకి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. లోపలికి వెళ్ళేటప్పుడు ఆమె ముఖంలో ఉన్న మర్యాద బయటికి వచ్చేసరికి లేదు.

మొదటి కోత ఏడాది కూడా నిండకుండా మళ్ళీ గర్భమేమిటని కన్నడంలో అడిగింది. ఇళ్ళలో తెలుగైనా, కర్ణాటక కాబట్టి ఆస్పత్రిలో కన్నడమే. మూడు నెలలు దాటిందనీ, ఒంట్లో రక్తం సగమే ఉందనీ, పాత కోత దగ్గర పిగిలిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరనీ చెప్పింది. మీరంతా చదువుకోనివాళ్ళేం కాదు కదా అంది. బిడ్డను ఎత్తుకుని కూర్చున్న మోహన్‌కుమార్ వైపు తిరిగి, నీకు ఇంతకంటే బుద్ధి ఉండొద్దా అంది. వాడు బిడ్డ తలమీద చెయ్యి వేసి నేల చూశాడు.

తర్వాత వయసు అడిగింది.

"ఇరవై" అంది అంబుజమ్మ. ఎంత ధీమాగా అందంటే సుజాతమ్మకే ఒక్క క్షణం నిజమేమో అనిపించింది.

డాక్టరమ్మ రక్షిత ముఖం కాసేపు చూసింది. మళ్ళీ అడగలేదు. సరే, మేజరే కాబట్టి ఉంచుకుంటారో లేదో మీ ఇంట్లో మాట్లాడుకుని రండి, ఉంచుకుంటే ప్రతి నెలా రావాలి, బరువు మోయకూడదు అని చెప్పింది. ఉంచుకుంటామని అంబుజమ్మ అప్పటికప్పుడే చెప్పేసి లేచింది. ఇంత సులువుగా తేలుతుందని ఆమె అనుకోలేదు. మోహన్‌కుమార్ కూడా లేచాడు. సుజాతమ్మ సంచి అందుకుంది.

రక్షిత లేవలేదు.

"మేడం, నాకు ఇరవై కాదు."

స్కూల్లో నేర్చుకున్న కన్నడంలో అంది. ఊళ్ళో మాట్లాడే కన్నడం కాదు, టీచరు ముందు నిలబడి పాఠం అప్పజెప్పే కన్నడం. చదువు ఆగిపోయాక ఆ పిల్ల నోట అది మళ్ళీ రాలేదు.

"నాకు పదిహేడు. పాప పుట్టినప్పుడు పదహారు. నాకు ఈ కాన్పు వద్దు. ఇంట్లో చెప్తే ఎవరూ వినలేదు, అందుకని మీకు చెప్తున్నాను."

అంబుజమ్మ నవ్వింది. పిల్ల నీరసంలో ఏదో మాట్లాడుతోంది మేడం, పుట్టిన సంవత్సరం కూడా దానికి సరిగా తెలీదు అంది. నవ్వుతూనే మనవరాలి భుజం పట్టుకుంది. ఆ వేళ్ళు ఎంత గట్టిగా దిగాయో రక్షిత ముఖం చూస్తే తెలుస్తుంది.

డాక్టరమ్మ చెయ్యి తియ్యమంది. కుర్చీ ముందుకు జరుపుకుని, ఇది నిజమైతే పోలీసులకు చెప్పడం తప్ప నాకు వేరే దారి లేదు, చెప్పకపోతే నేనే తప్పు చేసినదాన్నవుతానని నిదానంగా వివరించింది. పిల్లకు ఏం చెయ్యాలన్నా పక్కన కన్నవాళ్ళు ఉండాలంది. అప్పుడు సుజాతమ్మ వైపు తిరిగింది.

"మీరు తల్లి కదా. మీ కూతురికి ఎంత వయసు?"

మోహన్‌కుమార్ అక్కను చూశాడు. పొద్దున దెబ్బ తిన్నప్పుడు కూడా వాడు అలా చూడలేదు. అంబుజమ్మ తెలుగులో, పళ్ళ సందులోంచి, "సుజాతా, వాడు నీ తోడబుట్టినోడు" అంది.

సుజాతమ్మకు కోపం వచ్చింది. తల్లి మీద, తమ్ముడి మీద, వేలంపాటలో నిలబడి సలహా చెప్పిన మొగుడి మీద, మూడో నెలకే పిల్లను బస్సెక్కించిన తన మీద. ఇంతమంది పెద్దవాళ్ళు ఉండి, నిజం చెప్పే పని ఈ పిల్ల నెత్తిన పడిందే అని కోపం వచ్చింది. పొద్దున్నించీ వచ్చినదంతా ఒక లెక్క, ఇది ఒక లెక్క.

"పదిహేడు" అంది. "నేను కన్నదాన్ని. నాకు తెలీదా."

అంబుజమ్మ కొడుకు చేతిలోంచి మేఘను లాక్కుని చంకనేసుకుంది. "పదరా" అని ముందు నడిచింది. మోహన్‌కుమార్ తలుపు దగ్గర ఆగి రక్షిత వైపు ఒకసారి చూసి తల్లి వెనక వెళ్ళిపోయాడు.

వరండాలో మేఘ ఏడుపు అందుకుంది. తల్లి కనబడకపోతే ఆ బిడ్డ అంత తొందరగా ఊరుకోదు.

సుజాతమ్మ ఉన్నపళంగా తలుపు వైపు పరిగెత్తింది. బిడ్డను ఇచ్చిపొమ్మని అరిచింది. గడప దాటబోతుంటే వెనకనుంచి రక్షిత పిలిచింది.

"అమ్మా, నువ్వు పోవద్దు."

"పాపను ఎత్తుకపోతాండారే."

"పాపకు ఆకలైతే అవ్వే తీసుకొస్తాది. నువ్వు పోతే నాకు ఎవురూ రారు."

ఆ పిల్ల కుర్చీ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. బిడ్డ ఏడుపు వినబడిన ప్రతిసారీ లేవబోతోంది, మళ్ళీ కూర్చుంటోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. బయట బైకు స్టార్టయింది. ఏడుపు గేటు దాటి, రోడ్డు మీద కాసేపు వినిపించి, లారీల చప్పుడులో కలిసిపోయింది.

సుజాతమ్మ వెనక్కి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

డాక్టరమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుంది. నంబరు నొక్కే ముందు, నీ భర్త పేరేమిటమ్మా అని రక్షితను అడిగింది.

రక్షిత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. వయసు చెప్పడానికి ధైర్యం చేసిన పిల్ల, మొగుడి పేరు మాత్రం పలకలేకపోయింది. పెళ్ళయిన నాటినుంచి ఆ పేరు నోటితో అనకూడదని నేర్పింది తల్లే. ఇప్పుడు ఆ తల్లి వైపే చూసింది.

"మోహన్‌కుమార్" అంది సుజాతమ్మ. "నా తమ్ముడు."